పాత డోళ్ళు చెప్పే చరిత్ర

డిసెంబరు 2వ తేదీ వచ్చిందంటే ఎమిరేట్లలో ఊరూరా పండుగే. 1971వ సంవత్సరంలో ఆ రోజున ఈ దేశం ఏర్పడింది. ఆ ఉత్సవాలలో మీరు రెండు రకాల డోళ్ళ చప్పుడు వినే ఉంటారు. ఒకటి పోలీసు బ్యాండు వారిది. వారు నడుము దగ్గర వేలాడే డ్రమ్మును రెండు పుల్లలతో వాయిస్తూ, అడుగులో అడుగు వేసి కవాతు చేస్తారు. రెండవది అయ్యాలా ఆటలో వినిపించేది. తెల్లని బట్టలు వేసుకొన్న మగవారు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడి, సన్నని వెదురు కర్రలు ఆడిస్తూ పాడుతుంటే, వారి మధ్య పెద్ద డోళ్ళూ చిన్న డోళ్ళూ మోగుతాయి.

ఈ డోళ్ళలో కొన్ని చాలా పాతవి ఉంటాయి. కొన్నింటి మీద అందమైన బొమ్మలు, అక్షరాలు, లోహపు చెక్కడాలు ఉంటాయి. అటువంటి అరుదైన డోళ్ళను వెదకి, సేకరించి, దాచేవారు లోకంలో చాలామంది ఉన్నారు. తపాలా బిళ్ళలు, నాణేలు దాచే పిల్లలను మీరు చూశారు. డోళ్ళు దాచటం కూడా అటువంటిదే. కాని ఒక తేడా ఉన్నది. నాణెం మాట్లాడదు, డోలు మాట్లాడుతుంది. అది చెప్పే మాటను వినటం నేర్చుకోవటమే ఈ పాఠం.

డోలు ఒక దూత

మన పల్లెల్లో పూర్వం ఏదైనా కబురు ఊరందరికీ తెలియాలంటే దండోరా వేయించేవారు. డప్పు మోగగానే జనం ఇళ్ళలో నుంచి బయటికి వచ్చి చెవి ఒగ్గేవారు. డప్పు చేసే పని అదే: “ఆగండి, వినండి” అని చెప్పటం.

సైన్యాలలో కూడా డోలు ఇదే పని చేసింది. యుద్ధభూమిలో అరుపులు, తుపాకుల మోత, పొగ. సేనాని కేక పది బారల దూరం కూడా వినబడదు. అందుచేత ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క వరుస ఏర్పరచారు. నిద్ర లేవటానికి ఒక వరుస, గుమికూడటానికి ఒకటి, ముందుకు నడవటానికి ఒకటి, వెనక్కు తగ్గటానికి ఒకటి. డోలు వాయించేవాడు తప్పు వాయిస్తే దండు మొత్తం తప్పు దారి పడుతుంది. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధంలో ఈ పని చేసినవారిలో చాలామంది మీ వయసు పిల్లలే. ఆ కాలపు చిన్న డ్రమ్ములను నేడు చూసేవారు ముందుగా తలచుకొనేది ఆ పిల్లలనే.

డ్రమ్ములోని చిటపటలు

కవాతు డ్రమ్మును సైడ్ డ్రమ్ అనీ, స్నేర్ డ్రమ్ అనీ అంటారు. పక్కకు వేలాడదీసి వాయిస్తారు గనుక మొదటి పేరు వచ్చింది. రెండవ పేరుకు కారణం తెలుసుకోవాలంటే దానిని బోర్లించి చూడాలి.

డ్రమ్ముకు రెండు వైపులా తోలు ఉంటుంది. పై తోలు మీద పుల్లలతో కొడతారు. కింది తోలు పైదాని కంటె పలుచన. దానికి అడ్డంగా, దానిని ఆనుకొని, కొన్ని తీగలు బిగించి ఉంటాయి. పూర్వం వీటిని జంతువుల పేగులతో పేనేవారు. తరువాత లోహపు తీగలు కూడా వచ్చాయి. ఈ తీగలనే స్నేర్లు అంటారు. పై తోలు మీద దెబ్బ పడగానే లోపలి గాలి కదిలి కింది తోలును తోస్తుంది. కింది తోలు అదిరి తీగలకు తగులుతుంది. అప్పుడు పోపులో ఆవాలు పేలినట్టు చిటపటమనే చప్పుడు పుడుతుంది. తీగలను వదులు చేస్తే ఆ చిటపటలు పోయి, మామూలు డోలు చప్పుడు మాత్రమే మిగులుతుంది.

తోలును బిగించటానికి పాత డ్రమ్ములకు మరలు లేవు. పై కట్టుకూ కింది కట్టుకూ మధ్య ఒక పొడవైన తాడును వంకరటింకరగా, కిందికీ పైకీ అల్లేవారు. తాటి పాయలు రెండేసి కలిసే చోట ఒక తోలు పట్టీ ఉంటుంది. ఆ పట్టీని కిందికి లాగితే పాయలు దగ్గరపడి తాడు బిగుస్తుంది; పైకి తోస్తే వదులవుతుంది. మన డోలక్కు తాళ్ళలో ఉండే కడియాలు చేసే పని కూడా ఇదే.

డ్రమ్ము గుల్లకు పక్కన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి గాలి రాకపోకలకు అది ముక్కు వంటిది. ఈ రంధ్రాన్ని మరచిపోకండి. కొంతసేపటికి దానితో మనకు పని పడుతుంది.

బొమ్మలు ఎందుకు వేశారు?

పూర్వపు సైనికులకు తమ దండు డోలు అంటే జెండాతో సమానం. అందుచేత గుల్ల మీద తమ గుర్తులను చిత్రింపజేసేవారు. బ్రిటిష్ పటాలాల డ్రమ్ముల మీద రాజముద్ర, పటాలం పేరు, అది పోరాడిన యుద్ధాల పేర్లు వరుసగా కనబడతాయి. ఒక్క డ్రమ్మును చుట్టూ తిప్పి చదివితే ఆ పటాలం ఎక్కడెక్కడ తిరిగిందో తెలిసిపోతుంది. అమెరికా అంతర్యుద్ధ కాలపు డ్రమ్ముల మీద రెక్కలు చాచిన గద్ద బొమ్మ ప్రసిద్ధమైనది. గాలి రంధ్రం చుట్టూ ఇత్తడి చీలలను చుక్కల ముగ్గులా కొట్టి అలంకరించటం కూడా ఆనాటి అలవాటే.

ఇంగ్లండు నావికుడు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ డోలు ఇంకా పాతది. దాని మీద ఆయన వంశచిహ్నం చిత్రించి ఉన్నది. ఆయన 1596లో పనామా తీరాన ఓడలోనే చనిపోయాడు. ఆయన ఇల్లయిన బక్‌లాండ్ ఆబీతో ఆ డోలుకు నేటికీ సంబంధం ఉన్నది. దేశానికి ఆపద వచ్చినప్పుడు ఆ డోలు తనంతట తానే మోగుతుందని అక్కడివారు కథగా చెప్పుకొంటారు. అసలు డోలు చెడిపోకుండా ఉండాలని దాని నకలు ఒకటి తయారు చేసి ప్రదర్శనకు ఉంచారు.

యుద్ధాల కోసం కాక సంగీతం కోసం చేసిన అలంకారపు డ్రమ్ములు కూడా ఉన్నాయి. అమెరికాలోని షికాగో నగరంలో 1909లో లుడ్విగ్ సోదరులు ఒక డ్రమ్ముల కంపెనీ పెట్టారు. 1920ల కాలంలో వారు ఇత్తడి గుల్లకు నల్లని నికెల్ పూత పూసి, ఆ పూతను చేతి పనిముట్లతో గీకి, పూలు, తీగలు చెక్కించారు. గీకిన చోట లోపలి ఇత్తడి బంగారు గీతలా మెరుస్తుంది. మన బీదరు పనిలో నల్లని లోహం మీద వెండి మెరవటం మీరు చూశారా? పనితనం వేరయినా, చూపుకు ఆ అందమే గుర్తుకు వస్తుంది. ‘బ్లాక్ బ్యూటీ’ అనే పేరుతో ఆ డ్రమ్ములను నేటికీ సేకర్తలు వెదుకుతున్నారు.

అసలుదా, నకిలీదా?

ధర ఉన్న చోట మోసమూ ఉంటుంది. బొమ్మ ఉన్న పాత డ్రమ్ముకు బొమ్మ లేనిదాని కంటె ధర చాలా ఎక్కువ. అందుచేత బొమ్మ లేని పాత డ్రమ్ము మీద కొత్తగా గద్దను గీసి అమ్మేవారు కూడా ఉన్నారు. మరి తెలిసినవారు దీనిని ఎలా పట్టుకొంటారు?

మొదట గాలి రంధ్రంలో నుంచి లోపలికి చూస్తారు. చాలామంది తయారీదారులు తమ పేరు, ఊరు అచ్చు వేసిన కాగితాన్ని రంధ్రానికి ఎదురుగా లోపలి వైపు అతికించేవారు. ఫిలడెల్ఫియా నగరంలోని ఎర్నెస్ట్ వోట్ చేసిన డ్రమ్ములను ఇటువంటి చీటీల వల్లనే గుర్తిస్తున్నారు. ఆ చీటీయే డ్రమ్ముకు జన్మపత్రం.

తరువాత రంగును చూస్తారు. ఏళ్ళ తరబడి మోసిన డ్రమ్ము ఒక పక్క మోసినవాని తొడకు రాసుకొంటుంది. ఆ పక్క రంగు అరిగిపోవాలి. తాళ్ళు ఒరుసుకొన్న చోట గీతలు పడాలి. కర్ర పగిలితే దాని మీది రంగు కూడా పగలాలి. అలా కాక, పగుళ్ళ లోపలికి రంగు దిగి ఉంటే, అది పగిలిన తరువాత వేసిన రంగన్న మాట. గీత మీదుగా రంగు పోతే గీత ముందు, రంగు వెనుక. ఇది చిన్న విషయమే. కాని నిజాన్ని పట్టి ఇచ్చేది ఇటువంటి చిన్న విషయమే.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీకు ఒక పాత డ్రమ్ము దొరికిందనుకొందాం. రంగు వెలిసింది. తోలు చిరిగింది. కట్టు మీద మట్టి పేరుకొన్నది. మీరేం చేస్తారు? శుభ్రంగా గీకి, కొత్త రంగు వేసి, వార్నీషు పూసి, కొత్త తోలు బిగించి, తళతళలాడేటట్టు చేస్తారా?

అలా చేస్తే అది కొత్త డ్రమ్మువలె ఉంటుంది. కాని దానిని మోసినవాని తొడ గుర్తు పోతుంది. తాడు ఒరిసిన గుర్తు పోతుంది. పుల్లలు పడి పడి తోలు మధ్యలో ఏర్పడిన మచ్చ పోతుంది. ఒక గంట పనితో నూరేళ్ళ చరిత్రను తుడిచేసినట్టు అవుతుంది. పోయిన ఆ గుర్తులను ఎవరూ తిరిగి తేలేరు. అందుచేత మంచి సేకర్తలు మెత్తని కుంచెతో దుమ్ము మాత్రమే దులుపుతారు. చిరిగిన తోలును కూడా పారవేయరు. దాచటం వేరు, మెరిపించటం వేరు.

తోలుకు వాతావరణం పడదు

ఈ దేశంలో డోళ్ళను దాచటం మరింత కష్టం. ఎందుకో మీకే తెలుసు. వేసవిలో దుబాయి, అబూదాబీ తీరాలలో బయటికి వస్తే కళ్ళద్దాల మీద ఆవిరి పడుతుంది. గాలిలో అంత తేమ! తోలు ఆ తేమను పీల్చుకొని సాగుతుంది. డోలు గొంతు మందగిస్తుంది. ఇంటిలోపల ఏసీ గాలి పొడిగా ఉంటే తోలు ముడుచుకొని బిగుస్తుంది. కర్ర కూడా అంతే. రోజూ తడిసి, రోజూ ఎండితే చివరికి పగులుతుంది. అందుచేత డోలును ఏసీ గాలి సూటిగా తగిలే చోట గాని, కిటికీ ఎండలో గాని, కారు డిక్కీలో గాని ఉంచరాదు. వేడి, తేమ రోజంతా ఒకే తీరుగా ఉండే గది మంచిది. పాత తోలును గట్టిగా బిగించి ఉంచకూడదు.

తోలు వదులైతే వాయించేవారు ఏం చేస్తారు? మన డప్పు కళాకారులు ఆటకు ముందు గడ్డి మంట వేసి డప్పును సెగకు కాస్తారు. తేమ ఆరి తోలు బిగిసి, చిర్ర పడగానే ఖంగుమంటుంది. గల్ఫు తీరపు వాద్యకారులు కూడా తార్ అనే తమ పలక వాద్యాన్ని అలాగే సెగ చూపి వాయిస్తారు. సముద్రానికి ఇవతలి వారికీ అవతలి వారికీ తోలు నేర్పిన పాఠం ఒక్కటే.

1950ల చివరి కాలంలో అమెరికాలో ప్లాస్టిక్ పొరతో చేసిన డ్రమ్ము మూతలు అమ్మకానికి వచ్చాయి. వానకు తడవవు, ఎండకు ముడుచుకోవు. కొద్ది కాలంలోనే బ్యాండులన్నీ వాటికి మారాయి. అది వాయించేవారికి మేలే. కాని దూడ తోలును పలుచగా చేసి డ్రమ్ముకు బిగించే నేర్పరులు తగ్గిపోయారు. పాత తోలు ఉన్న పాత డ్రమ్ము దొరికితే సేకర్తలు సంబరపడటానికి ఇది ఒక కారణం.

ఎడారిలో కవాతు డ్రమ్ములు

బ్యాగుపైపులు, సైడ్ డ్రమ్ములు స్కాట్లాండు వారివి కదా, ఇక్కడికి ఎలా వచ్చాయి? 1951లో బ్రిటిష్‌వారు ఈ ప్రాంతంలో ‘ట్రూషియల్ ఒమన్ లెవీస్’ అనే దళాన్ని ఏర్పాటు చేశారు. 1956లో దాని పేరు ‘ట్రూషియల్ ఒమన్ స్కౌట్స్’ అయింది. షార్జా దాని ముఖ్య స్థావరం. అల్ ఐన్‌లోని జాహిలీ కోటలో కూడా ఈ దళం ఉండేది. ఆ కోటను మీరు నేడు చూడవచ్చు. ఈ దళానికి పైపుల, డ్రమ్ముల బ్యాండు ఉండేది. తలకు ఎరుపు తెలుపు గళ్ళ గుడ్డ చుట్టుకొన్న సైనికులు ఎడారి ఇసుకలో స్కాట్లాండు వాద్యాలు వాయించేవారు. 1971లో దేశం ఏర్పడిన తరువాత ఈ దళం కొత్త దేశపు సైన్యంలో భాగమయింది. నేటి కవాతులలో వినిపించే ఆ చిటపట చప్పుడు వెనుక ఈ కథ ఉన్నది.

అయ్యాలా అంతకంటె ఎంతో పాతది. ఆ ఆటలోని వెదురు కర్రలు ఈటెలకు, కత్తులకు గుర్తు. అంటే ఇది కూడా యుద్ధాన్ని అనుకరించే ఆటే. పెళ్ళిళ్ళలో, పండుగలలో ఆడతారు. 2014లో యునెస్కో సంస్థ ఒమన్, ఎమిరేట్ల అయ్యాలాను మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గమనించండి: ఆ గౌరవం కర్రకు, తోలుకు ఇచ్చినది కాదు. పాటకు, ఆటకు, వాటిని తండ్రి నుంచి కొడుకు నేర్చుకొనే పద్ధతికి ఇచ్చినది.

మాటలలో దాగిన డోళ్ళు

అరబ్బీలో డోలును ‘తబల్’ అంటారు. మన ‘తబలా’ అన్న మాట అక్కడి నుంచి వచ్చినదే. మనం కథలలో చదివే ‘నగారా’ కూడా అరబ్బీ ‘నక్కారా’యే. మాటలే కాదు, వాద్యాలు కూడా ప్రయాణం చేశాయి. హైదరాబాదు పెళ్ళి ఊరేగింపులలో మర్ఫా వాద్యం మోగుతుంది. నిజాముల కాలంలో సైన్యంలో పని చేయటానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు, ఆఫ్రికా నుంచి సిద్దీలు వచ్చారు. మర్ఫా వారి వెంట వచ్చిన వాద్యం. ఆఫ్రికన్ అశ్వదళం ఉన్న పేట నేటికీ ‘ఏసీ గార్డ్స్’ అనే పేరుతోనే ఉన్నది. నాడు అరబ్బులు పని కోసం మన ఊరికి వస్తూ తమ డోలు తెచ్చుకొన్నారు. నేడు మన పెద్దలు పని కోసం అరబ్బుల దేశానికి వచ్చారు. మరి మనం ఏ వాద్యాన్ని వెంట తెచ్చుకొన్నాం?

డోలుతోపాటు దాచవలసినది

తెలుగునాట వాద్యాలను సేకరించినవారు లేకపోలేదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు పల్లెలలో, గిరిజన గూడేలలో తిరిగి, మరుగున పడుతున్న వాద్యాలను సేకరించారు. వాటిని హైదరాబాదులో ప్రజలకు చూపించారు. వాద్యంతోపాటు దాని పేరు, వాయించేవారి కథ కూడా సేకరించాలన్నది అటువంటివారి పని మనకు నేర్పే పాఠం.

ఎందుకంటే, వాద్యం మిగిలి వాయించేవాడు లేకపోతే అది సగమే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను, తమ వీరుల కథలను పాడేవారు. ఆ కథలు పుస్తకాలలో చూసి నేర్చుకొన్నవి కావు. ఆయన నోట ఉన్నవి. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన వాయించినటువంటి డోలును మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టవచ్చు. కాని ఏ దెబ్బ ఏ కథకు పడుతుందో ఎవరైనా నేర్చుకొని ఉంటేనే ఆ డోలు మాట్లాడుతుంది. లేకపోతే అది కర్ర, తోలు, తాడు.

అందుచేత డోళ్ళను దాచేవారికి రెండు బాధ్యతలు. ఒకటి: డోలు మీద ఉన్న గుర్తులను చెరపకుండటం. రెండు: డోలు మీద లేని సంగతులను అడిగి రాసి పెట్టటం. ఎవరు చేశారు? ఎవరు వాయించారు? ఎప్పుడు, ఏ సందర్భంలో? ఏ వరుస? ఈ జవాబులు తెలిసినవారు ఉన్నప్పుడే అడగాలి. డోలు నూరేళ్ళు ఆగుతుంది, మనిషి ఆగడు.

డ్రమ్ములు కొనటానికి మీ దగ్గర డబ్బు ఉండనక్కరలేదు. ఈ సెలవులలో ఊరికి వెళ్ళినప్పుడు డప్పు, డోలు, బ్యాండుమేళం వాయించే పెద్దలు ఎవరైనా ఉంటే వారి దగ్గర కూర్చోండి. ఫోనులో వారి వాద్యం చప్పుడును, వారి మాటను వారి అనుమతితో పట్టి ఉంచండి. ఇక్కడ అయ్యాలా చూసినప్పుడు, ఆట ముగిసిన తరువాత వాద్యకారులను మర్యాదగా పలకరించి డోలు పేరు అడగండి. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. అదే మీ మొదటి సేకరణ అవుతుంది.

ఆలోచించి చెప్పండి

1. స్నేర్ డ్రమ్ములో చిటపట చప్పుడు ఎలా పుడుతుంది?
2. పాత డ్రమ్ము మీద కొత్తగా వేసిన బొమ్మను ఎలా గుర్తుపట్టవచ్చు?
3. ‘దాచటం వేరు, మెరిపించటం వేరు’ అన్న మాటను మీ ఇంట్లోని ఒక పాత వస్తువుతో పోల్చి వివరించండి.
4. మీ అమ్మమ్మ ఊరిలోనో, తాతగారి ఊరిలోనో పూర్వం ఏ ఏ సందర్భాలలో డోలు మోగేదో అడిగి, పది వాక్యాలు రాయండి.